మత్తుమందూ, రక్తపోటూ

పిల్లలూ! కొన్నేళ్ల కిందట వేసవిలో మా అన్నకు పిత్తాశయంలో రాళ్లున్నాయని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ చేసి తీయాలన్నారు. అన్న సేద్యగాడు. వయసు అరవై దాటింది. మా కర్నూలు వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుందని మీకు తెలుసు. అటువంటి ఎండలో కూడా చేనికి పోయి రానిదే ఆయనకు తోచదు.

ఆపరేషన్‌కు ముందురోజు నర్సు వచ్చి, "రాత్రి భోజనం తరువాత ఏమీ తినవద్దు" అని చెప్పింది. అన్న ఆ మాటను తనకు తోచినట్లు పెంచుకున్నాడు. మధ్యాహ్నం నుంచే నీళ్లు కూడా ముట్టలేదు. అంతకు రెండు రోజుల ముందు నుంచి విరేచనాలు అవుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని భయం. తెల్లవారుజామున రోజూ వేసుకునే రక్తపోటు మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో మింగాడు.

ఉదయం మత్తు డాక్టరు వచ్చారు. ఆమె ముందుగా అన్న నాలుక చూశారు. తరువాత నాడి పట్టి గడియారం చూసుకున్నారు. నిమిషానికి 112.

"పెద్దాయనా, నీళ్లు ఎప్పుడు తాగినావు?"

"నిన్న మధ్యాహ్నం తాగినానమ్మా."

"ఒంటికి ఎన్నిసార్లు పోయినావు?"

"రాత్రి ఒక్కసారి. అంతే."

"విరేచనాలు గాని, వాంతులు గాని అయినాయా?"

అన్న నా వైపు చూశాడు. తరువాత నేల చూశాడు. "రెండు దినాల నుంచి అయితున్నాయమ్మా" అన్నాడు.

"అయితే ఈరోజు ఆపరేషన్ వద్దు" అన్నారామె.

అన్నకు కోపం వచ్చింది. "రక్తపోటు 118 ఉందని నర్సమ్మ చెప్పింది గదా! బాగుందనే గదా చెప్పింది?"

"ఇప్పుడు బాగానే ఉంది. మత్తు ఇచ్చినాక బాగుండదు."

ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పిన నాకు కూడా ఆ క్షణంలో ఆమె మాట పూర్తిగా అర్థం కాలేదు. బాగున్న రక్తపోటు మత్తు ఇవ్వగానే ఎందుకు పాడవుతుంది? అది ముందుగానే ఆమెకు ఎలా తెలిసింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబులే ఈనాటి మన పాఠం.

కాలువ చెప్పే పాఠం

మొదట రక్తపోటు అంటే ఏమిటో చూద్దాం. కర్నూలు, కడప జిల్లాల పిల్లలకు కె.సి. కెనాల్ తెలియనిది కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కాలువ అది. దాని చివరి ఆయకట్టు రైతును అడగండి, రక్తపోటు పాఠం సగం అతడే చెబుతాడు.

చివరి పొలానికి నీరు అందాలంటే మూడు విషయాలు కుదరాలి. మొదటిది, తల దగ్గర తగినంత నీరు వదలాలి. రెండవది, దారిలో తూములన్నీ ఒకేసారి బార్లా తెరవకూడదు. మూడవది, అసలు కాలువలో తగినంత నీరుండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా నీటి మట్టం పడిపోతుంది. మట్టం పడినప్పుడు కాలువ మొదట్లో ఉన్నవాడికి తేడా తెలియదు. చివర్లో, మిట్ట మీద ఉన్నవాడి పొలం మాత్రం ఎండుతుంది.

మన శరీరంలోనూ అంతే. తల దగ్గర నీరు వదిలేది గుండె. అది ఒక్కొక్క కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడుతుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దాదాపు 5 లీటర్లు అవుతుంది. తూముల వంటివి చిన్న ధమనులు. వాటి గోడల్లో కండరం ఉంటుంది. అది బిగిస్తే నాళం ఇరుకవుతుంది, సడలితే వెడల్పవుతుంది. ఇక మొత్తం రక్తం ఎంత? పెద్దవారిలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషిలో ఎంతో మీరే లెక్క వేయండి. 4.2 లీటర్లు వస్తుంది. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఎప్పుడూ సిరల్లోనే ఉంటుంది. సిరలు రక్తానికి చెరువు వంటివన్నమాట.

రక్తం నాళాల గోడలపై కలిగించే పీడనమే రక్తపోటు. దానిని పాదరస స్తంభం ఎత్తుతో, మిల్లీమీటర్లలో చెబుతాం. 120/80 అంటే గుండె సంకోచించినప్పుడు 120, సడలినప్పుడు 80 అని అర్థం. అయితే అవయవాలకు రక్తం అందుతున్నదా లేదా అని చూడటానికి డాక్టర్లు సగటు పోటును లెక్కిస్తారు. గుండె సంకోచించి ఉండే కాలం కన్న సడలి ఉండే కాలం ఎక్కువ. అందువల్ల రెండింటినీ కలిపి రెండుతో భాగిస్తే సరిపోదు. కింది అంకెకు, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలపాలి. 120/80కి తేడా 40. అందులో మూడో వంతు సుమారు 13. కనుక సగటు 93.

మరి మన శరీరంలో మిట్ట పొలం ఏది? మెదడు! మనం కూర్చున్నప్పుడు మెదడు గుండెకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. పాదరసం నీటి కన్న 13.6 రెట్లు బరువు. 300 మిల్లీమీటర్లను 13.6తో భాగించండి. దాదాపు 22 వస్తుంది. అంటే గుండె దగ్గర సగటు పోటు 93 ఉంటే మెదడు దగ్గర 71 మాత్రమే. కళ్లు తిరిగి పడిపోయినవాడిని కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టాలి అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా!

ఒంట్లోని లస్కరు

కాలువకూ శరీరానికీ ఒక పెద్ద తేడా ఉంది. కాలువ మట్టం తగ్గితే లస్కరు వచ్చి తూములు సవరించాలి. శరీరంలో ఆ లస్కరు లోపలే ఉంటాడు. మెడలో, మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని చీలేచోట పోటును గుర్తించే నాడీ కొసలున్నాయి. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోనూ ఉన్నాయి. పోటు తగ్గగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు వెంటనే రెండు ఆజ్ఞలు ఇస్తుంది. గుండెకు "త్వరగా కొట్టుకో" అనీ, నాళాలకు "బిగించు" అనీ. ఈ ఆజ్ఞలు మోసేవి సహానుభూత నాడులు. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది.

చేసి చూడండి: ఐదు నిమిషాలు చాప మీద వెల్లకిలా కదలకుండా పడుకోండి. మీ మిత్రుడిని మణికట్టు దగ్గర నాడి పట్టి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కించమనండి. తరువాత లేచి నిలబడండి. వెంటనే మళ్లీ లెక్కించమనండి. రెండో అంకె మొదటిదాని కన్న పది, ఇరవై ఎక్కువ ఉంటుంది. లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ జారుతుంది. లస్కరు దానిని గమనించి గుండెను తొందర పెట్టాడు. అందుకే మీకు కళ్లు తిరగలేదు. ఒకవేళ తిరిగితే వెంటనే కూర్చోండి. మెడ దగ్గర మాత్రం వేలితో నొక్కి నాడి చూడవద్దు. అక్కడ నొక్కితే లస్కరు మోసపోయి గుండె వేగం తగ్గించేస్తాడు.

ఇప్పుడు మా అన్న సంగతికి వద్దాం. ఆయన మామూలు రక్తపోటు 150/90. ఆరోజు ఉన్నది 118/82. కాలువలో నీరు తగ్గింది. లస్కరు గుండెను 112 సార్లు కొట్టించి, నాళాలను గట్టిగా బిగించి ఎలాగో మట్టం నిలబెట్టాడు. నర్సమ్మ చూసిన అంకె తప్పు కాదు. ఆ అంకెను నిలబెట్టడానికి ఒళ్లు ఎంత అవస్థ పడుతున్నదో నాడి చెప్పింది. ఎండిన నాలుకా చెప్పింది.

లస్కరుకు నిద్ర వస్తే?

ఒళ్లంతా మత్తు ఇచ్చేటప్పుడు సాధారణంగా చేతి సిరలోకి మందు ఎక్కిస్తారు. ఈనాడు ఎక్కువగా వాడే మందు ప్రొపోఫాల్. పాలలాగా తెల్లగా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అర నిమిషం, ముప్పావు నిమిషంలో స్పృహ పోతుంది. కాని ఈ మందు మెదడును నిద్రపుచ్చి ఊరుకోదు. దానితోపాటు మరి కొన్ని పనులు చేస్తుంది.

ఒకటి, సహానుభూత నాడుల పట్టు సడలుతుంది. బిగిసి ఉన్న ధమనులు వదులవుతాయి. తూములన్నీ ఒకేసారి తెరిచినట్లు అవుతుంది. రెండు, సిరలు కూడా సడలుతాయి. చెరువు వెడల్పయి రక్తం అక్కడే నిలుస్తుంది. గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. రానిదాన్ని గుండె ఎక్కడి నుంచి తెచ్చి నెడుతుంది? మూడు, పోటు తగ్గిందని కబురు అందినా, గుండెను తొందర పెట్టే శక్తి మందగిస్తుంది. లస్కరు కూడా కునికిపాట్లు పడుతున్నాడన్నమాట.

నాలుగోది మందు వల్ల వచ్చేది కాదు. మనం మామూలుగా గాలి పీల్చేటప్పుడు ఛాతీలో పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల గాలినే కాదు, సిరల్లోని రక్తాన్ని కూడా ఛాతీ వైపు లాగుతుంది. మత్తులో ఉన్నవారికి గొట్టం వేసి యంత్రంతో గాలి నెడతారు. అప్పుడు ఛాతీలో పీడనం పెరుగుతుంది. రక్తం తిరిగి రావడం మరి కొంత తగ్గుతుంది.

వీటికి తోడు సమయం కూడా అనుకూలించదు. కత్తి పెట్టగానే ఆ ప్రేరణకు రక్తపోటు కొంత పెరుగుతుంది. కాని మత్తు ఎక్కిన తరువాత వెంటనే కత్తి పెట్టరు. ఒంటిని శుభ్రం చేయాలి, గుడ్డలు కప్పాలి, పరికరాలు సర్దాలి. ఆ పది, పదిహేను నిమిషాలు శరీరాన్ని తట్టి లేపేది ఏదీ ఉండదు. రక్తపోటు ఎక్కువగా పడిపోయేది ఆ వ్యవధిలోనే.

పడిపోతే ఏమవుతుంది? కొద్దిగా, కొద్దిసేపు అయితే ఏమీ కాదు. మెదడు, మూత్రపిండాలు, గుండె తమ నాళాలను తామే సవరించుకొని కొంత తగ్గుదలను తట్టుకుంటాయి. సగటు పోటు 65కు తగ్గకుండా చూడాలని మత్తు వైద్యులు సాధారణంగా నియమం పెట్టుకుంటారు. అంతకన్న తగ్గి ఎక్కువసేపు ఉంటే చివరి ఆయకట్టు ఎండుతుంది. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. గుండె కండరానికే రక్తం చాలకపోవచ్చు. ఏళ్ల తరబడి ఎక్కువ పోటుకు అలవాటు పడిన పెద్దవారికి 65 కూడా చాలకపోవచ్చు. మా అన్న మామూలు సగటు ఎంత? 90కి, 60లో మూడో వంతు కలిపితే 110. ఆయన శరీరం ఆ మట్టానికి అలవాటు పడింది. కనుక అందరికీ ఒకే అంకె సరిపోదు.

హైదరాబాదులో జరిగిన వాదం

మత్తులో రక్తపోటు పడిపోవడం ప్రమాదమా, కాదా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతా గమనించిన ప్రయోగాలు మన తెలుగువారి ఊరిలోనే జరిగాయంటే ఆశ్చర్యపోతారు. కర్నూలులో తుంగభద్ర దాటి ఉత్తరంగా పోతే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న హైదరాబాదే ఆ ఊరు.

1846లో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌తోనూ, 1847లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో క్లోరోఫాంతోనూ మత్తు ఇవ్వడం మొదలైంది. క్లోరోఫాం హాయిగా, త్వరగా పని చేస్తుంది. కాని 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలికకు కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే, కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. మీ ఈడు పిల్ల! ఆ తరువాత కూడా అటువంటి మరణాలు జరిగాయి. ముందు ఆగేది ఊపిరా, గుండెా అని వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు.

ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్. అక్కడి వైద్య పాఠశాలకు అధిపతి కూడా. ఆయన ఎడిన్‌బరోలో చదివినవాడు. ఊపిరిని గమనిస్తే చాలు, నాడిని చూడనక్కరలేదు అనేది ఆయన నమ్మకం. 1888లో ఆయన చొరవతో హైదరాబాదులో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడి, కుక్కలపై ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ అనే వైద్య పత్రిక దానిని ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీరే ఒక శాస్త్రజ్ఞుడిని పంపండి అని ఆ పత్రికను కోరింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుగాంచిన వైద్యుడు హైదరాబాదు వచ్చాడు. రెండవ కమిషన్ వందల కొద్దీ జంతువులపై ప్రయోగాలు చేసింది. ధమనిలో గొట్టం పెట్టి, తిరిగే డ్రమ్ము మీద రక్తపోటు గీతలు గీయించారు. మత్తు ఎక్కేకొద్దీ గీత కిందికి జారడం వాళ్లు కళ్లారా చూశారు. అయినా రక్తపోటు తగ్గడం దానంతట అది ప్రమాదం కాదనీ, ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే చాలుననీ తీర్పు చెప్పారు. ఆ రోజుల్లో ఆ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరు.

తీర్పు నిలిచిందా? సగమే నిలిచింది. ఊపిరిని విడవకుండా గమనించాలనడం నిజం. ఈనాటికీ అది మొదటి నియమమే. కాని నాడిని చూడనక్కరలేదనడం తప్పని తేలింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులపై ప్రయోగాలు చేసి, పలుచగా ఇచ్చిన క్లోరోఫాంలో కూడా గుండె హఠాత్తుగా లయ తప్పి గిలగిల కొట్టుకొని ఆగిపోవచ్చని చూపించాడు. హైదరాబాదు ప్రయోగాల్లో ఆ తీరు మరణం వాళ్ల కంట పడలేదు. వందల సార్లు చేసిన ప్రయోగమైనా, ఒకే తీరుగా చేస్తే, ఆ తీరులో కనబడనిది కనబడకుండానే పోతుంది. ఈనాడు మత్తుకు క్లోరోఫాం వాడటం లేదు.

ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. 1889లో జంతువు ధమనిలో గొట్టం పెట్టి పోటు కొలిచారు. ఆ పద్ధతిని స్టీఫెన్ హేల్స్ అనే ఆయన అంతకు చాలా ముందే గుర్రంపై చేసి, 1733లో పుస్తకంగా ప్రకటించాడు. గాజు గొట్టంలో రక్తం ఎనిమిది అడుగుల పైకి ఎగబాకింది! కాని ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషికి ధమని కోసి కొలవడం కుదురుతుందా? 1896లో ఇటలీలో రీవా-రోచీ చేతికి పట్టీ చుట్టి కొలిచే సాధనం చేశాడు. 1901లో హార్వే కుషింగ్ అనే శస్త్రవైద్యుడు దానిని అక్కడ చూసి అమెరికాకు తీసుకుపోయి, మత్తులో ఉన్నవారికి వాడించాడు. 1905లో రష్యాలో కొరొట్కోవ్, పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు విని రెండు అంకెలూ కనిపెట్టే పద్ధతి చెప్పాడు. కొలిచే సాధనం చేతికి వచ్చిన తరువాతే నివారణ సాధ్యమైంది. మట్టం చూపే కొలబద్ద లేని కాలువను ఎవడు సరిగా నడపగలడు?

పడిపోకుండా ఏం చేస్తారు?

పడిన తరువాత లేపడం కన్న పడకుండా చూడటం మేలు. అందుకు మత్తు డాక్టర్లు చేసేవి ఇవి.

ముందుగా మనిషిని చూస్తారు. వయసు, గుండె జబ్బు, రక్తహీనత, విరేచనాలు, వాంతులు, జ్వరం, వాడే మందులు అన్నీ అడుగుతారు. ఒంట్లో నీరు తగ్గినవారికి సిర ద్వారా ద్రవాలు ఎక్కించి సరిచేస్తారు. అయితే నీటి లోటు లేనివారికి ఊరికే సెలైన్ సీసా పెట్టినంత మాత్రాన రక్తపోటు పడకుండా ఆగదు. వెడల్పయిన చెరువుకు ఒక బిందె నీరు ఏమూలకు?

ఆకలితో ఉండమనడానికి కారణం వేరు. మత్తులో దగ్గు రాదు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. అందుకే పెద్దవారికి తేలిక ఆహారమైతే ఆరు గంటల ముందు ఆపమంటారు. నూనెలో వేయించినవీ, మాంసమూ అయితే ఇంకా ఎక్కువ గంటలు కావాలి. కాని మంచినీళ్లు కడుపులో నుంచి త్వరగా దిగిపోతాయి. సాధారణంగా మత్తుకు రెండు గంటల ముందు దాకా తాగవచ్చునంటారు. కొన్ని జబ్బుల్లో, అత్యవసర ఆపరేషన్లలో లెక్క మారుతుంది. కనుక ఎవరికి వారు లెక్క కట్టుకోకూడదు. "నీళ్లు ఏ గంట దాకా తాగవచ్చు?" అని డాక్టరును ప్రత్యేకంగా అడగాలి.

రక్తపోటు మాత్రలన్నీ ఒక తీరువి కావు. పేరు చివర "ప్రిల్" అనీ, "సార్టాన్" అనీ వచ్చే మాత్రలు వేసుకొని వస్తే మత్తులో పోటు ఎక్కువగా పడే అవకాశం ఉంది. అందువల్ల వాటిని ముందురోజు ఆపమని చాలామంది డాక్టర్లు చెబుతారు. గుండె వేగాన్ని తగ్గించే మరో రకం మాత్రలను హఠాత్తుగా మానితే అదే ప్రమాదం. కనుక తానుగా మానకూడదు, తానుగా మింగకూడదు. మాత్రల అట్ట తీసుకుపోయి చూపించాలి.

ఇక మత్తు ఇచ్చేటప్పుడు. మందు కొద్దికొద్దిగా, నిదానంగా ఎక్కిస్తారు. ముసలివారికి తక్కువ మందు చాలు. పైగా వారిలో రక్తం నెమ్మదిగా తిరుగుతుంది. చేతిలో ఇచ్చిన మందు మెదడుకు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. "ఇంకా నిద్ర పోలేదే" అని తొందరపడి మళ్లీ ఇస్తే, రెండూ కలిసి ఒకేసారి దెబ్బ తీస్తాయి. ఓపికగా కనిపెట్టుకొని ఉండటమే అక్కడ విద్య. గుండె బలహీనంగా ఉన్నవారికి పోటును అంతగా తగ్గించని కెటమిన్, ఎటొమిడేట్ వంటి మందులు ఎన్నుకుంటారు.

ఆ కొద్ది నిమిషాలూ పట్టీతో నిమిషానికో, రెండు నిమిషాలకో ఒకసారి పోటు కొలుస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి గుండె కొట్టుకొన్నప్పుడల్లా పోటు చూస్తారు. హైదరాబాదులో జంతువులకు డ్రమ్ము మీద గీసిన గీత, ఈనాడు మనిషికి తెర మీద కదులుతుంది.

తగ్గడం మొదలైతే నాళాలను బిగించే మందులు సిద్ధంగా ఉంటాయి. ఫినైలెఫ్రిన్, నార్ ఎడ్రినలిన్ నాళాలను బిగిస్తాయి. ఎఫెడ్రిన్ గుండెను కూడా కాస్త తొందర పెడుతుంది. కునికే లస్కరు పనిని ఇవి చేస్తాయన్నమాట. పోటు పడే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి వీటిని పడకముందే సన్నని ధారగా మొదలుపెడతారు కూడా. వీటితోపాటు కాళ్లు పైకెత్తి పెట్టడం ఒక పాత ఉపాయం. కాళ్లలోని రక్తం మూడు వందల మిల్లీలీటర్ల దాకా ఛాతీ వైపు జారుతుంది. ఖర్చు లేదు, మందు లేదు, గురుత్వాకర్షణ ఒక్కటే!

అన్నకు ఏమయింది?

అన్నకు సెలైన్ పెట్టారు. విరేచనాలకు మందు ఇచ్చారు. తాగడానికి ఓ.ఆర్.ఎస్. నీళ్లు ఇచ్చారు. ఆయన వేసుకునేది "సార్టాన్" మాత్రే. దాన్ని ఆపమన్నారు. రెండు రోజుల తరువాత నాడి 84కు దిగింది. రక్తపోటు 146/88కి వచ్చింది. ఆరోజు ఆపరేషన్ చేశారు.

సాయంత్రం ఆ డాక్టరు నాకు మత్తు పట్టిక చూపించారు. మనం గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టినట్లే ఉంది. అడ్డంగా సమయం, నిలువుగా పోటు. మత్తు ఇచ్చిన ఆరో నిమిషంలో గీత 104/62 దాకా దిగి, అక్కడి నుంచి మళ్లీ పైకి లేచింది. సగటు 76. "నీళ్లు పెట్టి, మాత్ర ఆపి, సగం మోతాదు మందు నిదానంగా ఇస్తే ఇంత దిగింది సారూ. మొన్న ఇచ్చుంటే ఎంత దిగేదో మీరే ఊహించుకోండి" అన్నారామె.

అన్న ఇంటికి వచ్చాక, "రెండు దినాలు ఊరికే పడుకోబెట్టినారు" అని కొన్నాళ్లు సణిగాడు. నేను గ్రాఫ్ గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "అయితే తూములన్నీ ఒకేసారి ఎత్తినట్లన్నమాట" అన్నాడు. కాలువ పోలిక నాకు నేర్పింది ఆయనే!

పిల్లలూ! మీ ఇళ్లలో ఎప్పుడైనా ఎవరికైనా ఆపరేషన్ అవసరం కావచ్చు. అవ్వ, తాత భయపడి కొన్ని సంగతులు దాచవచ్చు. ఇంట్లో చదువుకున్నది మీరే అయి ఉండవచ్చు. అప్పుడు మీరు పక్కన కూర్చొని మూడు విషయాలు కనుక్కోండి. నీళ్లు ఎప్పుడు తాగారు? విరేచనాలు, వాంతులు, జ్వరం ఏమైనా ఉన్నాయా? ఏయే మాత్రలు వేసుకున్నారు? ఆ జవాబులు దాచకుండా మత్తు డాక్టరుకు చెప్పండి. వాయిదా పడితే ఒకటి రెండు రోజులు పోతాయి, అంతే. దాస్తే పోయేది ఏమిటో మీకు ఇప్పుడు తెలుసు.

ఆలోచించి చెప్పండి

1. ఒక రోగి రక్తపోటు 90/45. సగటు పోటు ఎంత? అది 65 కన్న ఎక్కువా, తక్కువా?

2. 50 కిలోల మనిషిలో సుమారు ఎన్ని లీటర్ల రక్తం ఉంటుంది? అందులో సిరల్లో ఉండేది ఎంత?

3. నాడి 112, పోటు 118/82 ఉన్న మనిషిని "బాగున్నాడు" అని డాక్టరు ఎందుకు అనలేదు?

4. తల గుండె కన్న 40 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే మెదడు దగ్గర పోటు ఎంత తగ్గుతుంది?